ఊబకాయం డబ్బున్నవాళ్ల జబ్బేనా?

"ముందు ఆకలి సంగతి చూడండి, లావెక్కినవాళ్ల గొడవ తర్వాత." ప్రజారోగ్య సమావేశాల్లో ఈ మాట వినీ వినీ విసిగిపోయాను. ఊబకాయం డబ్బున్నవాళ్లదేనన్న నమ్మకమే దీనికి మూలం. పేదలకు ఇంతగా నష్టం చేస్తున్న అపోహ మరొకటి లేదు.

2022 నాటికే ప్రపంచంలో ఊబకాయులు 100 కోట్లు దాటారు. వారిలో ఎక్కువమంది అల్పాదాయ, మధ్యాదాయ దేశాలవాళ్లే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. అదే సర్వేలో ఈ రెండు రాష్ట్రాల మహిళల్లో రక్తహీనత వరుసగా 58.8, 57.6 శాతం. ఈ రెండూ ఒకే మనిషిలో కనిపించడం మా వైద్యులకు మామూలే.

మా శిబిరానికి కుట్టుపని చేసే ఒకావిడ వచ్చారు. బరువు ఎక్కువ, హిమోగ్లోబిన్ ఎనిమిది. "ఇంత ఒళ్లు పెట్టుకుని నాకు రక్తం తక్కువేమిటి డాక్టరమ్మా?" అని బెంబేలెత్తారు. ఇంట్లో గుడ్డు పిల్లలకు, పప్పు భర్తకు, ఆమెకు మిగిలేది అన్నం, చారు. సన్నబడాలని రాత్రి భోజనం మానేసి టీ, బిస్కెట్లతో సరిపెట్టుకుంటున్నారు. మనిషి పుష్టిగా కనిపించడంతో అంతవరకూ ఎవరూ రక్తపరీక్ష చేయించలేదు. పోషకాహార పథకాలు బక్కచిక్కినవారినే వెతికితే ఇలాంటివాళ్లు లెక్కలోకే రారు. ఆకలికీ ఊబకాయానికీ వేర్వేరు బడ్జెట్లు అక్కర్లేదు. బియ్యంతో పాటు పప్పు, గుడ్డు, కూరగాయలు అందుబాటు ధరకు దొరికితే రెండింటికీ మందు అదే.

ఇక మిగతా అపోహలు. జీలకర్ర నీళ్లు కొవ్వును కరిగించవు, కరిగిస్తాయని చెప్పే సందేశాలు దయచేసి పంచకండి. బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే సూచీ) 30 దాటేదాకా ఫర్వాలేదనుకోకండి, మనవాళ్లకు 23 నుంచే ముప్పు పెరుగుతుంది. తిండి మీద అదుపు లేకే లావయ్యారంటూ ఎవరినీ నిందించకండి, ఆ మాటలకు భయపడి ఆసుపత్రికి రావడమే మానేసినవాళ్లు ఉన్నారు.

తీపి పానీయాలపై పన్ను పేదలకు భారమంటారు. మెక్సికో 2014లో లీటరుకు ఒక పెసో (అక్కడి కరెన్సీ) పన్ను వేస్తే, కొనుగోళ్లు అందరికంటే ఎక్కువగా తగ్గింది పేద కుటుంబాల్లోనే. చక్కెర వ్యాధి ఖర్చు కంటే ఆ పెసో భారమా? చిలీ 2016లో చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన ప్యాకెట్ల ముందువైపు నల్లటి హెచ్చరిక గుర్తు తప్పనిసరి చేసింది, వాటిని బడుల్లో అమ్మనివ్వలేదు. మన దగ్గర ఆ గుర్తు మీద చర్చే ఏళ్ల తరబడి నలుగుతోంది. ఇంకా ఆలస్యం చేయడానికి నాకైతే ఒక్క కారణమూ కనిపించడం లేదు.