గట్టు మీద తూములు

"నరంలో కబురు ఎలా వెళ్తుంది?" అని డిగ్రీ పిల్లల్ని అడిగితే మా కోనసీమలో వచ్చే జవాబు ఒకటే: "కాలవలో నీళ్ళు పారినట్టేనండి." కాలవ గట్టున పుట్టినవాళ్ళు ఇంకేం చెప్తారు? చాలా ఏళ్ళు నేనూ ఆ పోలికతోనే నెట్టుకొచ్చాను. అది తప్పు.

లాకుల దగ్గర వదిలిన నీరు నిజంగానే శివారు దాకా ప్రయాణం చేస్తుంది. నరంలో అలా ఈ చివర నుంచి ఆ చివరకు పారేది ఏదీ లేదు. అందుకే ఇప్పుడు బోర్డు మీద గట్టు మాత్రమే గీస్తున్నాను. గట్టంటే నరం చుట్టూ ఉండే పల్చటి పొర. గట్టు బయట సోడియం అయాన్లు, అంటే ప్లస్ చార్జీ ఉన్న సోడియం, నిండుగా ఉంటాయి, లోపల తక్కువ. లోపలి వోల్టేజి బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు దిగువన. గట్టు పొడవునా తూములు, అంటే ఆ పొరలో సోడియం దూరే సన్న దారులు. ఒకటి తెరుచుకుంటే సోడియం అడ్డంగా లోపలికి దూకుతుంది. అక్కడ వోల్టేజి మారగానే పక్క తూము తనంతట తనే లేస్తుంది, ఆ వెంటనే దాని పక్కది. తెరుచుకున్నది చిటికెలో మూసుకుని కాసేపు మొరాయిస్తుంది. కబురు వెనక్కి మళ్ళకపోవడానికి కారణం ఆ మొరాయింపే.

"మరి లోపలికొచ్చిన సోడియం అక్కడే ఉండిపోద్దాండి?" అని వెనక బెంచీ కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. చేను మునిగితే ఇంజను పెట్టి తోడమూ? నరం పొరలోనూ అలాంటి పంపులున్నాయి. ఒక్కో విడతకి 3 సోడియంలను బయటికి తోసి, 2 పొటాషియంలను లోపలికి లాగుతాయి. ఒంటి బరువులో 2 శాతమే ఉన్న మెదడు మన శక్తిలో 20 శాతం తినేస్తోందంటే, అందులో పెద్ద వాటా ఈ తోడుడుకే.

తూములు తెరుచుకుని మూసుకునే లెక్కని హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు 1952లో తేల్చారు, స్క్విడ్ అనే సముద్రజీవి నరం మీద. మన కాకినాడ రేవులోనూ దిగుతుందే, ఆ స్క్విడ్‌కి చుట్టమే. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. సరిగ్గా వందేళ్ళు! సంబంధమేమీ లేదు గానీ, పిల్లలకి తేదీ గుర్తుంటుందని చెప్తుంటాను.

కాలి బొటనవేలు రాయికి తగిలితే, తగిలిందని ముందు తెలుస్తుంది, సలుపు తరవాత వస్తుంది. స్పర్శ మోసే నరాలకు కొవ్వు తొడుగు ఉంటుంది. తూములు దూరదూరంగా ఉండి, కబురు సెకనుకి 50 మీటర్ల పైచిలుకు వేగంతో గెంతుతుంది. సలుపు మోసే సన్న నరాలకు ఆ తొడుగు లేదు, వాటి వేగం సెకనుకి సుమారు ఒక మీటరు. వెనక బెంచీ కుర్రాడు నమ్మలేదు. చెప్పు విడిచి బెంచీ కాలిని తన్నాడు.

"ఆయ్, నిజమేనండి," అన్నాడు, ఒక సెకను ఆగి.