వర్జీనియా ఓటమి గురించి ఏటా మార్చిలో వినిపించే అపోహలు - వాస్తవాలు

నేను నార్త్ కరోలినాలో స్థిరపడిన తెలుగువాణ్ని. పదిహేనేళ్లుగా సాయంత్రాలు మా ఊరి బడిపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతున్నాను. మార్చిలో అమెరికా కళాశాల జట్ల ఎన్‌సీఏఏ టోర్నమెంటు మొదలుకాగానే, ఆఫీసులో బ్రాకెట్లు, అంటే ఎవరు గెలుస్తారో అంచనా వేసే పట్టికలు, నింపిన తెలుగు మిత్రులు 2018 మార్చి 16న షార్లెట్‌లో జరిగిన మ్యాచ్ ప్రస్తావన తప్పకుండా తెస్తారు. ఆ రోజు 31 విజయాలు, రెండే ఓటములతో టోర్నమెంటు మొత్తానికి అగ్రస్థానంలో ఉన్న వర్జీనియా జట్టు, 16వ సీడ్ (సీడ్ అంటే బలాన్ని బట్టి జట్టుకిచ్చే వరుస సంఖ్య, ఒకటి అన్నింటికన్నా పైది) అయిన యూఎంబీసీ, అంటే మేరీల్యాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన బాల్టిమోర్ కౌంటీ జట్టు చేతిలో 74-54 తేడాతో ఓడిపోయింది. పురుషుల టోర్నమెంటులో 1985 నుంచి అప్పటిదాకా ఒకటో సీడ్‌కూ పదహారో సీడ్‌కూ మధ్య 135 మ్యాచ్‌లు జరిగితే, అన్నింటిలోనూ ఒకటో సీడే గెలిచింది. ఈ ఓటమికి నా మిత్రులు చెప్పే కారణాలు చాలావరకు శిక్షకుడి కంటికి ఆనవు.

అపోహ: పెద్ద జట్టు చిన్న జట్టును తేలిగ్గా తీసుకుంది.

వాస్తవం: మొదటి సగం 21-21తో ముగిసింది. తేలిగ్గా తీసుకున్న జట్టు ముందుగా డిఫెన్స్‌లో కాళ్లు కదపడం మానేస్తుంది. అలాంటి జట్టు ఇరవై నిమిషాల్లో ప్రత్యర్థిని 21 పాయింట్ల దగ్గర ఆపలేదు. ఆ సగంలో వర్జీనియా డిఫెన్స్ ఎప్పటిలాగే ఆడింది, బంతి మాత్రం రింగులో పడలేదు. మ్యాచ్ మొత్తంలో ఆ జట్టు మూడు పాయింట్ల గీత వెనకనుంచి 22 షాట్లు ప్రయత్నించి నాలుగే బుట్టలో వేయగలిగింది. యూఎంబీసీ 24 ప్రయత్నించి 12 వేసింది. అంటే ఆ గీత వెనకనుంచి ఒకరికి 12 పాయింట్లు, మరొకరికి 36. తేడా 24, ఓటమి తేడా 20. అహంకారం గురించి ఉపన్యాసం మొదలుపెట్టే ముందు ఈ చిన్న తీసివేత చేసి చూడాలని నా మనవి.

అపోహ: నెమ్మదిగా, ఆచితూచి ఆడే జట్టుకు ప్రమాదం తక్కువ.

వాస్తవం: అన్నింటికన్నా లోతుగా పాతుకుపోయిన అపోహ ఇదే, చాలాకాలం నేనూ దీన్నే నమ్మాను. బంతి ఒక జట్టు చేతికి వచ్చి పోయే ఒక్కో వంతును మేము పొసెషన్ అంటాం. వర్జీనియా 30 సెకన్ల షాట్ క్లాక్‌ను, అంటే షాట్ వేయడానికి ఇచ్చే గడువును, చివరిదాకా వాడుకునే జట్టు కాబట్టి, దాని మ్యాచ్‌లలో ఒక్కో పక్షానికి సుమారు 60 పొసెషన్లు మాత్రమే దక్కేవి. వేగంగా ఆడే జట్లకు 70 దాటుతాయి. పది చేతుల పేకాటలో కొత్తవాడు కూడా గెలవవచ్చు గానీ, రాత్రంతా ఆడితే ఆరితేరినవాడే గెలుస్తాడు. వంతులు తగ్గినకొద్దీ బలమైన జట్టు తన బలాన్ని నిరూపించుకునే అవకాశాలు తగ్గి, ఆ ఒక్క రాత్రి ఎవరి షాట్లు పడ్డాయన్న దానికి విలువ పెరుగుతుంది. ముప్పై మ్యాచ్‌ల సీజన్‌లో ఈ లెక్క బయటపడదు, ఒక్క ఓటమితో ఇంటికి పంపే టోర్నమెంటులో బయటపడుతుంది. వెనకబడిన తర్వాత ఇదే పద్ధతి మరో విధంగా బరువవుతుంది: పది పాయింట్లు వెనకబడ్డప్పుడు తొందరపడటం ఆ ఆటగాళ్లకు అలవాటులేని పని.

అపోహ: రెండో సగంలో వర్జీనియా డిఫెన్స్ పద్ధతే తప్పని తేలిపోయింది.

వాస్తవం: ఒక మ్యాచ్‌కు సగటున సుమారు 54 పాయింట్లే ఇచ్చిన జట్టు, ఒక్క రెండో సగంలోనే 53 ఇచ్చిన మాట నిజం. ఆ పద్ధతి పేరు ప్యాక్ లైన్; వర్జీనియా అప్పటి కోచ్ టోనీ బెన్నెట్ తండ్రి డిక్ బెన్నెట్ దాన్ని రూపొందించారు. బుట్టకు 16, 17 అడుగుల దూరంలో ఒక వంపు గీత ఉందని ఊహించుకుని, బంతి ఉన్నవాడి మీద ఒక్కరు ఒత్తిడి పెడితే, మిగిలిన నలుగురూ ఆ గీత లోపలే గుమిగూడి దారి మూసేస్తారు. మా జిమ్‌లో నేను ఆ గీతను పసుపు టేపుతో అతికిస్తాను. నెల తిరిగేసరికి పిల్లల బూట్ల కింద అది నలిగి పీలికలవుతుంది. బంతి బయటికి వెళ్లగానే లోపలున్న పిల్లవాడు రెండు పెద్ద అంగల్లో పరుగెత్తి, చివర చిన్న చిన్న అడుగులతో వేగం తగ్గించుకుని, చెయ్యి పైకెత్తి షూటర్ ముందు నిలవాలి. దీన్నే క్లోజౌట్ అంటాం. ఆ చిన్న అడుగులు వేయకపోతే షూటర్ వాణ్ని దాటుకుని బుట్ట దగ్గరికి పోతాడు; అర సెకను ఆలస్యమైతే ఎదురులేని షాట్ వేస్తాడు. యూఎంబీసీ ఈ రెండూ చేసింది. జైరస్ లైల్స్ తన 28 పాయింట్లలో 23 రెండో సగంలోనే సాధించాడు. 5 అడుగుల 8 అంగుళాల కె.జె. మౌరా అడుగడుగునా చొచ్చుకుపోతూ వర్జీనియా డిఫెన్స్ గోడను లోపలికి లాగాడు. పద్ధతి తప్పు కాదు గానీ దానికి చెల్లించవలసిన మూల్యం ఒకటుంది. ఆ సాయంత్రం వర్జీనియా దాన్ని మొత్తంగా చెల్లించింది.

వర్జీనియా ఆటగాడు డీఆండ్రే హంటర్ గాయమే అసలు కారణమనే వాదనకు కొంత బలముంది. ఎడమ మణికట్టు ఎముక విరిగి అతను టోర్నమెంటుకు దూరమయ్యాడు. పొడవాటివాళ్లనూ పొట్టివాళ్లనూ సమానంగా కాపలా కాయగలిగిన ఆటగాడు ఆ జట్టులో అతనే. అయినా 20 పాయింట్ల తేడాను ఒక్క మనిషి లేకపోవడం మీదికి నెట్టడం నాకు సబబుగా తోచదు. యూఎంబీసీది గుడ్డి అదృష్టమన్న మాటకు ఒకే వాక్యంలో జవాబు చెబుతాను: అదే సీజన్ జనవరిలో ఆల్బనీ చేతిలో 44 పాయింట్ల తేడాతో చిత్తయిన జట్టే మార్చిలో తమ కాన్ఫరెన్స్ (తమ లీగ్) ఫైనల్లో వర్మాంట్‌ను చివరి క్షణపు షాట్‌తో ఓడించి అక్కడిదాకా వచ్చింది.

అపోహ: ఇంత అవమానం తర్వాత కోచ్‌నో, పద్ధతినో మార్చక తప్పదు.

వాస్తవం: మ్యాచ్ ముగిసిన వెంటనే బెన్నెట్ ప్రత్యర్థి తమకన్నా అన్ని విధాలా మెరుగ్గా ఆడిందని ఒప్పుకున్నారు; సాకులు వెతకలేదు. మరుసటి సీజన్‌లో ప్యాక్ లైన్‌ను వదలలేదు, నెమ్మదితనాన్నీ వదలలేదు. దాడిలో మాత్రం బాల్ స్క్రీన్లకు, అంటే బంతి ఉన్నవాడికి దారి చేయడానికి సహచరుడు అడ్డు నిలిచే ఎత్తుకు, చోటు పెంచారు. నా దృష్టిలో ఆయన తప్పు వెనకబడ్డప్పుడు పట్టుకోవడానికి రెండో దారి సిద్ధంగా ఉంచుకోకపోవడం, దాన్నే ఆయన సరిదిద్దుకున్నారు. 2023లో ఇలాగే ఒకటో సీడ్‌గా ఉండి 16వ సీడ్ ఫెయిర్లీ డికిన్సన్ చేతిలో 63-58తో ఓడిన పర్డ్యూ కూడా కోచ్ మ్యాట్ పెయింటర్‌ను కొనసాగించి, మరుసటి ఏడాది ఫైనల్ చేరింది.

2019లో మొదటి మ్యాచ్‌లోనే వర్జీనియా మళ్లీ 16వ సీడ్ గార్డ్‌నర్-వెబ్ చేతిలో 14 పాయింట్లు వెనకబడింది. విరామానికి తేడా ఆరుకు తగ్గింది, చివరికి 71-56తో గెలిచింది. ఎనిమిది రోజుల తర్వాత పర్డ్యూతో మ్యాచ్ చేజారిపోతున్న ఆఖరి సెకన్లలో, సగం గీత దాటి వెనక్కి దొర్లిన బంతిని వర్జీనియా ఆటగాడు కిహీ క్లార్క్ అందుకుని, ఎదురుగా దగ్గరలో ఉన్నవాళ్లను వదిలి, దూరంగా బుట్ట దగ్గరున్న మమాది డియాకిటేకు విసిరాడు. గంట మోగేలోపు అతను స్కోరు సమం చేశాడు. అదనపు సమయంలో గెలిచిన వర్జీనియా ఏప్రిల్ 8న టెక్సస్ టెక్‌ను 85-77తో ఓడించి ఛాంపియన్ అయింది. ఆ క్లార్క్ ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, మౌరాకన్నా ఒక్క అంగుళం ఎక్కువ.