అపోహలు - వాస్తవాలు: సంచి పొడితో నేల బాగుపడదు

"డీజిల్ కారిన నేలలో ఏ బ్యాక్టీరియా పొడి చల్లాలి?" ఈ ప్రశ్న మొన్న మళ్లీ వచ్చింది. అడిగినావిడ గొంతు వణుకుతోంది, పక్కనే తాగునీటి బావి ఉంది మరి. ఆవిడ మీద నాకు విసుగు లేదు. వారంలో నేల శుభ్రమవుతుందని ఆ పొడి సంచులు అంటగట్టేవారి మీదే నా కోపమంతా.

డీజిల్‌ను తినే బ్యాక్టీరియా దాదాపు ప్రతి నేలలోనూ ముందే ఉంటాయి. వాటికి కరువయ్యేవి గాలి, తేమ, నత్రజని, భాస్వరం. డీజిల్‌లో కర్బనం దండిగా ఉంటుంది, మిగతావి ఉండవు. అందుకే కర్బనం 100 పాళ్లకు నత్రజని 10, భాస్వరం 1 అన్న లెక్కతో మొదలుపెడతాం. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ చమురు అలాస్కా తీరాన్ని ముంచినప్పుడు కూడా అక్కడి సూక్ష్మజీవులకు బలం చేకూర్చడానికి రాళ్ల మీద నత్రజని, భాస్వరం ఉన్న ఎరువులే వేశారు.

నేను నేల శుభ్రం చేసే ఈ పనిలో చేరిన కొత్తలో ఒక గిడ్డంగి యజమాని మూడుసార్లు పొడి కొని చల్లించి ఉన్నారు. వెళ్లి చూస్తే నేల ఎండి రాయిలా ఉంది. మట్టి తిరగేసి, యూరియా, సూపర్ ఫాస్ఫేట్ కలిపి, తడి ఆరకుండా చూస్తూ రెండు వారాలకోసారి దున్నాం. నాలుగు నెలలకు వాసన పోయింది. వాసన పోతే డీజిల్ పోయినట్టు కాదు కాబట్టి నమూనాలు పరీక్షకు పంపాం. పైమట్టి బాగుపడింది, రెండడుగుల కింద మాత్రం డీజిల్ అలాగే ఉంది. అక్కడికి గాలి అందలేదు. మళ్లీ తవ్వాం.

బయటి బ్యాక్టీరియా నిజంగా అవసరమయ్యే చోట్లూ ఉన్నాయి. భూగర్భజలంలో ట్రైక్లోరోఇథిలీన్ (లోహాల జిడ్డు వదిలించే ద్రావకం) ఉండి, డీహాలోకాకాయిడిస్ అనే బ్యాక్టీరియా లేకపోతే, విచ్ఛిన్నం తరచుగా డైక్లోరోఇథిలీన్ లేదా వినైల్ క్లోరైడ్ దగ్గరే ఆగిపోతుంది. వినైల్ క్లోరైడ్ క్యాన్సర్ కారకం. ఆ బ్యాక్టీరియాకేమో ఆక్సిజన్ గిట్టదు.

సీసం, పాదరసం మూలకాలు, వాటిని ఏ జీవీ విరగ్గొట్టలేదు. క్రోమియం-6ను విషం తక్కువైన క్రోమియం-3గా మార్చే బ్యాక్టీరియా ఉన్నాయి, కానీ క్రోమియం అక్కడే ఉంటుంది. ఇక చమురు అయిపోయాక దాన్ని తినే బ్యాక్టీరియా మన మీద పడతాయన్నది వట్టి పుకారు. తిండి తగ్గితే వాటి సంఖ్యా తగ్గుతుంది.

ఆవిడకు చెప్పింది ఇదే: ముందు ట్యాంకు కారడం ఆపించండి. పరీక్ష అయ్యేదాకా ఆ బావి నీళ్లు తాగకండి. యూరియా కూడా సొంతంగా వేయకండి, ఎక్కువైతే నైట్రేట్ అదే బావిలోకి దిగుతుంది.