పెంటకుప్ప నుంచి జవహర్‌నగర్ దాకా

పిల్లలకి చెత్త గురించి చెప్పాలంటే నేనైతే డంపింగ్ యార్డ్‌తో కాదు, ఊళ్ళో పెంటకుప్పతో మొదలుపెడతాను. పేడ, బూడిద, కూరగాయల తొక్కలు, ఊడ్చిన ఆకులు అన్నీ అందులోనే పడేవి, ఎండాకాలంలో బండికెత్తి పొలానికి తోలేవాళ్ళు, అలా ఏడాదికోసారి కుప్ప ఖాళీ అయిపోయేది. ఈ ఒక్క ముక్క పిల్లలకి ఎక్కితే మిగతాది ఈజీ.

మరి సిటీలో కుప్ప ఎందుకు ఖాళీ అవ్వదు? తొక్కల్లో ప్లాస్టిక్ కవర్లు కలిసిపోయాయి, అలా కలిసినదాన్ని ఏ రైతు పొలంలో వేసుకుంటాడు చెప్పండి. మా పాపతో కుండీలో అరటితొక్క, చిప్స్ ప్యాకెట్ పక్కపక్కనే పాతించాను, రెండు నెలలకి తవ్వితే తొక్క జాడ లేదు, ప్యాకెట్ మీద అక్షరాలు కూడా చెరగలేదు.

హైదరాబాద్ చెత్తని ఒకప్పుడు ఆటోనగర్ వైపు పోసేవాళ్ళు, తర్వాత 2000ల మొదట్లో ఊరి శివార్లలోని జవహర్‌నగర్‌కి తోలడం మొదలైంది, 300 ఎకరాలకు పైగా స్థలం, రోజూ లారీలు పోసీ పోసీ అక్కడ కొండలే లేచాయి. వాన పడితే ఆ కొండల్లోంచి నల్లటి నీళ్ళు కారతాయి, లీచేట్ అంటారు, దాని వల్ల దగ్గర్లో ఉన్న మల్కారం చెరువు పాడైపోయింది, పాపం అక్కడి జనం ఏళ్ళ తరబడి ఆ కంపు భరించారు. లోపల గాలి ఆడక కుళ్ళే తిండిలోంచి మీథేన్ అనే మండే గ్యాస్ పుడుతుంది, అందుకే ఇలాంటి కుప్పలు అంటుకుంటే ఒక పట్టాన ఆరవు. అసలు ల్యాండ్‌ఫిల్ అంటే ఇది కాదు, అడుగున నీళ్ళు ఇంకకుండా లైనర్ అనే పొర వేసి, లీచేట్ లాగే పైపులు పెట్టి, దేనికీ పనికిరానిది మాత్రమే అందులో పూడ్చాలి.

రూల్స్ లేక కాదు. 1996లో అల్మిత్రా పటేల్ అనే పర్యావరణ కార్యకర్త ఊళ్ళ చెత్త గురించి సుప్రీంకోర్టులో కేసు వేశారు, 2000లో మున్సిపల్ చెత్తకి రూల్స్ వచ్చాయి, 2016 రూల్స్ అయితే తడి, పొడి, బ్యాటరీల్లాంటి ప్రమాదకరమైనవి ఇంట్లోనే వేరు చేయాలని స్పష్టంగా చెప్పాయి. 2015లో హైదరాబాద్‌లో ఇంటింటికీ వచ్చి చెత్త తీసుకెళ్ళే స్వచ్ఛ ఆటోలు వచ్చాయి, ఆ రోజుల్లోనే ఇంటింటికీ తడికి ఆకుపచ్చ, పొడికి నీలం బుట్టలు పంచారు. జవహర్‌నగర్ పాత కొండని షీట్లు, మట్టితో కప్పి గడ్డి పెంచారు, చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంటు కూడా 2020లో మొదలైంది. కానీ తడి కలిస్తే చెత్త సరిగ్గా మండదు కదా, కాబట్టి కథ మళ్ళీ మన వంటింటికే వస్తుంది.

మా వీధిలో ఒకసారి రెండు బుట్టలూ బండిలో ఒకేచోట గుమ్మరించేశారు, "మరి మనం వేరు చేసిందెందుకు నాన్నా?" అంది పాప, నాకు నిజంగా బాధేసింది. అప్పట్నుంచి తడిచెత్త మేడ మీద కంపోస్ట్ డబ్బాలో వేస్తున్నాం, బండికి పొడిది మాత్రమే ఇస్తున్నాం.