రంగు మార్చిన పాత గిటారు: సాక్ష్యం ఎంతవరకు?

అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో 1950లు, 60లలో తయారైన ఫెండర్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటార్లకు నేడు పలికే ధరలో వాటి నాదం కన్నా వాటి పై పూతకే ఎక్కువ పాత్ర ఉంది. చెక్క, పికప్‌లు (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు), కంట్రోళ్లు (శబ్దం, స్వరఛాయ సర్దే మరల అడుగున ఉండే విద్యుత్ భాగాలు) అన్నీ ఫ్యాక్టరీవే అయినా, నడుమ ఎవరో పాత రంగు గీకించి కొత్తది వేయించి ఉంటే విలువ దాదాపు సగానికి పడిపోతుందన్నది ఈ వ్యాపారంలో చాలాకాలంగా నడుస్తున్న లెక్క. రంగు మార్చడం నేరమేమీ కాదు. 1970లలో చెక్క సహజ వర్ణం కనబడేలా రంగు తీయించుకోవడం ఒక మోజుగా సాగింది, అప్పటికి ఆ గిటార్లు పాతవే తప్ప పురావస్తువులు కావు. చిక్కంతా ఆ సంగతి దాచి అమ్మడంతోనే వస్తుంది.

ఆనాటి పూతల్లో ప్రధానమైనది నైట్రోసెల్యులోజ్ లక్క. సెల్యులోజ్‌ను నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంతో చర్య జరిపించి, వచ్చిన పదార్థాన్ని ద్రావణిలో కరిగించి పిచికారీ చేసేవారు. ద్రావణి ఆవిరైపోగా మిగిలిన పొరలో అణువుల గొలుసులు ఒకదానితో ఒకటి రసాయనికంగా బిగుసుకోవు కాబట్టి దశాబ్దాల తరువాత కూడా అది అసిటోన్‌లో కరుగుతుంది. కాలక్రమంలో ఆ పొర పసుపుబారి పెళుసవుతుంది, చలికీ వేడికీ చెక్కతో సమంగా సాగలేక సన్నని పగుళ్లు తెచ్చుకుంటుంది. ఫెండర్ రంగుల్లో ఒలింపిక్ వైట్ అనే తెలుపు మీగడ రంగులోకి, లేక్ ప్లాసిడ్ బ్లూ అనే నీలం ఆకుపచ్చ ఛాయలోకి మారడం అడుగున ఉన్న రంగు మారడం వల్ల కాదు, దానిపైన వేసిన పారదర్శక లక్క పసుపుబారడం వల్ల. 1960ల చివర్లో ఫెండర్ మందమైన పాలియెస్టర్ పూతకు మళ్లింది. కనుక 1957 నాటి గిటారు మీద పాలియెస్టర్ కనిపిస్తే ఆ పూత తరువాత వేసినదేనని నిర్ధారించవచ్చు. లక్క కనిపించినంత మాత్రాన మాత్రం అది తొలి పూతేనని చెప్పలేం, ఎందుకంటే నైట్రోసెల్యులోజ్ లక్క నేటికీ దొరుకుతుంది. పగుళ్లదీ అదే సంగతి. గిటారును అతిగా చల్లబరిచి వాటిని ఒక్కరోజులో రప్పించవచ్చు.

అందుకే అనుభవజ్ఞులు రంగు నిగారింపును నమ్మక, రంగు వేసిన పద్ధతి మిగిల్చిన గుర్తుల కోసం చూస్తారు. 1964 వరకు ఫ్యాక్టరీలో బాడీకి, అంటే గిటారు చెక్క మొండేనికి, చిన్న మేకులు కొట్టి, వాటి ఆధారంతో రంగు వేసి ఆరబెట్టి, తరువాత మేకులు పీకేసేవారు. బాడీ ముందు భాగాన్ని కప్పే పలక అయిన పిక్‌గార్డ్ విప్పితే ఆ రంధ్రాలు కనిపిస్తాయి. వాటి లోపల రంగు లేని పచ్చి చెక్క ఉండాలి. రంధ్రంలోకి రంగు దిగినా, లప్పంతో పూడుకుపోయినా మరోసారి రంగు పడిందని అనుమానించాలి. 1960ల తొలి సంవత్సరాలలో నెక్ (తీగలు సాగే పొడవాటి మెడ) కూర్చునే గూటిలో ఒక కర్రను మరలతో బిగించి రంగు వేయడం మొదలైంది, ఆ కర్ర ఉన్న మేర రంగు పడదు. టంకం అతుకులు కూడా సాక్షులే. తీగల వంతెనను లాగిపట్టే స్ప్రింగులు వెనుక ఉండే మోడళ్లలో, బాడీని గీకాలంటే ఆ స్ప్రింగుల దగ్గరి ఎర్త్ తీగను సాధారణంగా ఊడదీయాల్సిందే కాబట్టి, అక్కడ మళ్లీ టంకం వేసిన జాడ ఉంటే కారణం అడిగి తెలుసుకోవాలి.

అతినీలలోహిత దీపం కింద పాత లక్క సాధారణంగా పసుపు-ఆకుపచ్చ ఛాయలో మెరుస్తుంది, తరువాత అద్దిన చోట్లు వేరుగా కనిపిస్తాయి. ఇది తేడాను చూపే పరీక్షే తప్ప తేదీ చెప్పే పరీక్ష కాదు. కంట్రోళ్ల మీది అంకెలు తేదీ చెబుతాయి గానీ, దానికీ హద్దుంది. 304 6612 అంటే స్టాక్‌పోల్ కంపెనీ 1966లో 12వ వారంలో చేసిన భాగం. అయితే 1966 నాటి కంట్రోళ్ల నిల్వను ఫెండర్ ఆ తరువాత కొన్నేళ్లు వాడింది. కనుక గిటారు అంతకన్నా ముందుది కాదని మాత్రమే తేలుతుంది, అదీ ఆ భాగాన్ని ఎవరూ మార్చలేదనుకుంటేనే.

అన్నింటికన్నా ఇబ్బంది పెట్టేవి ఫ్యాక్టరీలోనే జరిగిన మార్పులు. సన్‌బర్స్ట్ (నడుమ లేతగా, అంచులకు ముదురుగా ఉండే పూత) వేసిన బాడీ మీదే ఫెండర్ కొన్నిసార్లు మరో రంగు వేసి అమ్మింది, కాబట్టి పెచ్చు లేచిన చోట అడుగున సన్‌బర్స్ట్ కనబడితే వెంటనే మోసమని తీర్మానించకూడదు. మరోవైపు, కొన్నేళ్లు వాడిన గిటారును యజమానులు తిరిగి ఫ్యాక్టరీకి పంపి రంగు వేయించుకున్న సందర్భాలూ ఉన్నాయి. అదే లక్కతో, అదే చేతులతో పడిన పూతను వేరుచేసి చూపడం రసాయన విశ్లేషణకు కూడా కష్టమే.

రంగు మారిందని నిరూపించడం సాధ్యమే గానీ, మారలేదని పూర్తిగా నిరూపించడం దాదాపు అసాధ్యం. అమ్మేవారు "నూటికి నూరుపాళ్లు ఒరిజినల్" అని రాయడం కన్నా, "పిక్‌గార్డ్ విప్పి చూశాము, మేకు రంధ్రాలలో రంగు లేదు, నెక్ విప్పలేదు, ఎర్త్ తీగ ఒకసారి మళ్లీ అతికినట్లుంది" అని రాసి, ఆయా చోట్ల ఫొటోలు జతచేయడం నా దృష్టిలో ఎంతో నిజాయితీ గల పని. చూసినదీ, ఊహించినదీ, చూడనిదీ విడివిడిగా ఉంటే కొనేవారు తమ ధర తాము కట్టుకోగలరు. ఫ్యాక్టరీలోనే మళ్లీ రంగు వేశారన్న మాటకు మాత్రం ఆనాటి రసీదో ఉత్తరమో చూపాలి, అది లేనప్పుడు ఆ గిటారును మామూలు రీఫినిష్ (మళ్లీ రంగు వేసిన గిటారు) ధరకే అమ్మాలి.