టీ ఓడెక్కి వచ్చింది, చాయ్ నడిచి వచ్చింది

పొద్దున్నే మా ఇంట్లో రెండు మాటలు వినపడతాయి. మా ఆవిడది వరంగల్. "చాయ్ పెట్టాలా మామయ్యా?" అంటుంది. మాది తెనాలి వైపు. "కాసిని టీ నీళ్లు పొయ్యమ్మా" అంటాడు నాన్న. గిన్నె ఒకటే, పొడి ఒకటే, పాల ప్యాకెట్ ఒకటే. పేరు దగ్గరే పేచీ. ఈ పేచీ కృష్ణా నదికి అటూ ఇటూ పుట్టింది కాదు, చైనాలో పుట్టింది.

చైనా లిపిలో టీకి అక్షరం ఒక్కటే. దాన్ని పలికే తీరు మాత్రం ఊరిని బట్టి మారుతుంది. ఉత్తరాదిలోనూ, దక్షిణాన కాంటన్‌లోనూ 'చా'. ఆగ్నేయ తీరంలో ఫుజియన్ వాళ్ల నోట, అమోయ్ రేవులో 'తే'. ఒంటెల మీదా గుర్రాల మీదా నేలదారిన పోయిన ఆకు 'చా' పేరుతోనే పోయింది. పర్షియాలో చివర 'య్' తగిలించుకుని, ఉర్దూ మీదుగా హైదరాబాద్ చేరింది. సముద్రం మీద కథ వేరు. 1610 ప్రాంతంలో యూరప్‌కి మొదట టీ తీసుకెళ్లిన డచ్చివాళ్లు, జావా రేవుల్లో ఫుజియన్ వర్తకులతో బేరాలాడేవాళ్లు. వాళ్ల 'తే'నే వీళ్లూ పట్టుకున్నారు. ఇంగ్లిష్‌వాళ్లు మొదట్లో 'టే' అని, తర్వాత 'టీ' అన్నారు. పోర్చుగీసులు కూడా ఓడల్లోనే తిరిగారు కానీ మకావ్‌లో మకాం పెట్టారు. అక్కడ నడిచేది కాంటన్ మాట కాబట్టి లిస్బన్‌లో ఇవాళ్టికీ 'షా' అంటారు.

అన్నట్టు మన 'తేనీరు'కీ తేనెకీ సంబంధం లేదు. 'తేయాకు'లో, 'తేనీరు'లో ఉన్న ఆ 'తే' అమోయ్ రేవు మాట తాలూకు చుట్టమే.

మొక్క సంగతికొస్తే, దాని పేరు కామెల్లియా సైనెన్సిస్. యునాన్, ఉత్తర బర్మా, అస్సాం కొండల ప్రాంతం దాని పుట్టిల్లు. కత్తిరించకుండా వదిలేస్తే చెట్టే అవుతుంది. కోసుకోవడానికి వీలుగా నడుమెత్తున ఉంచుతారు. పురుగులు కొరకకుండా లేత చిగుళ్లలో అది దాచుకునే మందు కెఫీన్. పురుగుకి విషమైనది మనకి హుషారు. చైనాలో షియాన్ దగ్గర, క్రీ.పూ. 141లో చనిపోయిన హాన్ చక్రవర్తి జింగ్ సమాధి ఆవరణలోని గుంటలో కుళ్లిపోయిన ఆకుల ముద్ద దొరికింది. పరీక్షిస్తే కెఫీన్‌తో పాటు థియనీన్ కూడా బయటపడింది. ఆ రెండూ కలిసి కనిపించాయంటే అది టీయే అని 2016లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. పైలోకంలో కూడా రాజుగారికి టీ లోటు రాకూడదనుకున్నారు కాబోలు.

ఇక ఓడ దగ్గరికి వద్దాం. ఓడలో వేసుకెళ్లడానికి టీ అంత పేచీకోరు సరుకు ఇంకోటి లేదేమో. తేలిక, చోటెక్కువ ఆక్రమిస్తుంది. చెమ్మ తగిలితే బూజు. పక్కన ఏ వాసనుంటే ఆ వాసన పీల్చేసుకుంటుంది. అందుకని చెక్కపెట్టెల లోపల సీసపు రేకు పరిచి, ఆకు కూరి, గాలి చొరకుండా మూసేవాళ్లు. ఓడ తూలకుండా అడుగున బరువుండాలి. ఆ బరువుకి తడిసినా పాడవని, వాసన లేని పింగాణీ సరిగ్గా సరిపోయింది. యూరప్ ఇళ్లలోకి చైనా కప్పులూ సాసర్లూ అన్నన్ని రావడానికి అందం ఒక కారణమైతే, టీకి కింద పొడి నేల కావలసి రావడం ఇంకో కారణం.

'గెల్డర్‌మాల్సెన్' అనే డచ్చి ఓడ 1751 డిసెంబర్‌లో కాంటన్ నుంచి బయల్దేరింది. ఈశాన్య రుతుపవనాల గాలి పట్టుకుని దక్షిణానికి దిగుతూ, 1752 జనవరి 3న రాతిదిబ్బకు గుద్దుకుని మునిగింది. 80 మంది పోయారు, 32 మంది బతికి బయటపడ్డారు. అందులో ఉన్న టీ 3 లక్షల కిలోల పైమాటే. 1985లో గజ ఈతగాళ్లు దిగేసరికి నానిపోయిన ఆకు మందపాటి మడ్డిలా పరుచుకుని ఉంది. దాన్ని తప్పిస్తే కింద దాదాపు లక్షన్నర పింగాణీ సామాన్లు! 233 ఏళ్లు ఆ మడ్డే వాటిని కాపాడింది. మరుసటేడు ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేస్తే జనం ఎగబడ్డారు. నాటి లెక్కల్లో మాత్రం అసలు సరుకు టీ, కప్పులు కింద వేసిన బరువు.

ఓడ ప్రయాణం టీ రంగునీ తేల్చింది. గ్రీన్ టీ, నల్ల టీ రెండూ ఒకే మొక్క ఆకులే. కోసిన వంకాయ ముక్కని బయట పెడితే నల్లబడుతుంది కదా, అదే సంగతి. ఆకుని నలిపితే కణాలు చితికి, లోపలి ఎంజైమ్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆకుని ఎర్రగా, తర్వాత నల్లగా చేస్తుంది. వంకాయనైతే ఉప్పునీళ్లలో వేసి ఆపుతాం. ఆకునైతే కోసిన వెంటనే వేడి పెనం మీద వేయిస్తారు. ఎంజైమ్ చచ్చి ఆకుపచ్చగానే ఉండిపోతుంది. రెండుసార్లు భూమధ్యరేఖ దాటి, ఆఫ్రికా చుట్టి, నెలల తరబడి పోయే దారిలో పచ్చాకు రుచి త్వరగా చచ్చిపోయేది. నల్లాకు తట్టుకునేది. యూరప్ నల్ల టీకి అలవాటు పడడానికి ఇదొక ముఖ్య కారణం. 1773 డిసెంబర్ 16న అమెరికాలోని బోస్టన్ రేవులో, బ్రిటన్ టీ పన్నుకి నిరసనగా జనం నీళ్లపాలు చేసిన 342 పెట్టెల్లో కూడా ఎక్కువ భాగం ఫుజియన్ నల్ల టీయే. తమాషా ఏంటంటే తాగేవాళ్లకి ఇదేదీ తెలియదు. మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ అంతటివాడు గ్రీన్ టీదో మొక్క, నల్ల టీదో మొక్క అని వేరు వేరు పేర్లు పెట్టాడు. 1840లలో రాబర్ట్ ఫార్చ్యూన్ అనే బ్రిటిష్ మొక్కల నిపుణుడు చైనా తోటల్లోకి వెళ్లి చూస్తే గానీ ఆ పొరపాటు తేలలేదు.

ఈ కథలో నాకు మింగుడుపడని భాగం డబ్బు. చైనాకి ఇంగ్లండ్ సరుకులు అక్కర్లేదు, వెండి కావాలి. 1784లో బ్రిటన్ టీ మీద పన్నుని 119 శాతం నుంచి 12.5 శాతానికి దించేసింది. టీ తాగడం పెరిగింది, వెండి ఖర్చూ పెరిగింది. ఈస్టిండియా కంపెనీ బీహార్, బెంగాల్ రైతులతో నల్లమందు పండించి, కలకత్తాలో వేలం వేసి, ప్రైవేటు వర్తకుల ద్వారా చైనాకి చేర్పించింది. చైనా అడ్డుకుంటే 1839లో యుద్ధం. మర్యాదగా సాసర్‌తో అందుకునే కప్పు వెనక ఇంత ఉంది.

ఆ తర్వాత చైనా మీద ఆధారపడడమే ఎందుకన్నారు. అస్సాంలో సింగ్‌ఫో జనం ఎప్పట్నుంచో తాగుతున్న ఆకు గురించి 1823లో రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లండ్ వర్తకుడికి తెలిసింది. అస్సాం టీ 1839 జనవరిలో 8 పెట్టెలుగా లండన్ వేలానికొచ్చింది. తోటలు లేచాయి. వాటిలో పనికి తీసుకెళ్లిన కూలీల్లో గంజాం, విశాఖ వైపు తెలుగువాళ్లూ ఉన్నారు. ఒప్పందం గడువు తీరక ముందు పని వదిలి పారిపోతే జైలు. వాళ్ల మునిమనవళ్లు కొందరు ఇప్పటికీ అక్కడి తోటల్లోనే ఉన్నారు, ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ.

ఓడల జోరు చివర్లో చూడాలి. 1866లో చైనాలోని ఫుజౌ రేవు నుంచి పందెం మీద బయల్దేరిన టీ ఓడలు 99 రోజుల్లో లండన్ చేరాయి. 'టైపింగ్' అనే ఓడ 'ఏరియల్' అనే ఓడ కంటే 28 నిమిషాలు ముందు రేవులోకి దూరింది. గొడవెందుకని బహుమతి సొమ్ము చెరి సగం పంచుకున్నారు. మూడేళ్లకి, 1869 నవంబర్ 17న, సూయజ్ కాలువ తెరిచారు. ఆవిరి ఓడలకి దగ్గర దారి దొరికింది. టీ పందేల కోసమే కట్టిన 'కట్టీ సార్క్' తెరచాపల ఓడ సరిగ్గా అయిదు రోజుల తర్వాత నీళ్లలోకి దిగింది. పాపం, కొన్నేళ్లు టీ మోసి తర్వాత ఆస్ట్రేలియా ఉన్ని మోసుకుంది.

మా వీధి కొట్లో దొరికే పావుకిలో డస్ట్ టీ, అస్సాం నుంచి రైల్లోనో లారీలోనో వస్తుంది. దారిలో ఎక్కడా సముద్రం ఎక్కదు. అయినా నల్లగానే వస్తుంది.