కళ్ళారా చూస్తే ఉన్నట్టేనా? అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో కంటి వైద్యుడిగా నేను రోజంతా వినేది రోగులు చూసిన వాటి గురించే. చూశామన్న వారి మాటను నమ్ముతాను. చూసినది అక్కడ ఉందా లేదా అన్నది మాత్రం పరీక్ష చేశాకే చెబుతాను.

అపోహ: కళ్ళారా చూశాను కనుక అది ఉంది.

వాస్తవం: పెదవాల్తేరు నుంచి వచ్చిన ఒక మామ్మగారికి రెటీనా (కంటి వెనుక భాగంలో వెలుతురును గ్రహించే పొర) మధ్యభాగం దెబ్బతిని రెండు కళ్ళూ మసకబారాయి. కొడుకు మందుల చీటీతో బయటికి వెళ్ళేదాకా ఆగి, "బాబూ, పొద్దుగూకితే మంచం పక్కన ఎర్ర పరికిణీల పిల్లలు నిలబడుతున్నారు, ఒక్కరూ మాట్లాడరు. చెబితే పిచ్చనుకుంటారని ఇంట్లో చెప్పలేదు" అన్నారు. ఎదురుగా కూర్చున్న నా ముఖం ఆనని ఆ కళ్ళకు పరికిణీ అంచున జరీ స్పష్టంగా కనబడుతోంది. దీనిని ఛార్లెస్ బోనె సిండ్రోమ్ అంటారు. స్విట్జర్లాండ్‌కు చెందిన బోనె, శుక్లాలతో చూపు తగ్గిన తన తాతగారికి లేని మనుషులు, పక్షులు, భవనాలు కనబడిన సంగతిని 1760లో గ్రంథస్థం చేశాడు. కంటి నుంచి అందే సమాచారం తగ్గినప్పుడు మెదడులోని దృష్టి కేంద్రాలు తమంతట తామే దృశ్యాలను కల్పిస్తాయి. మామ్మగారు అబద్ధం చెప్పలేదు, ఆమెకు మతీ చలించలేదు. అయినా ఆ పిల్లలు లేరు. (ఇలాంటివి కొత్తగా కనబడితే ఇతర కారణాలు లేవని వైద్యుడు నిర్ధారించాలి.)

అపోహ: లోపం ఉంటే నాకు తెలిసేది కదా!

వాస్తవం: నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ మాటే. కంటి నరం దెబ్బతినే జబ్బయిన గ్లకోమాలో పక్కచూపు నెమ్మదిగా, తిరిగి రాని విధంగా పోతున్నా, ఆ ఖాళీని మెదడు పూడ్చేయడం వల్ల చాలామంది "బాగానే కనబడుతోంది" అంటారు. మీ కంటిలోనూ ఒక గుడ్డిచుక్క, అంటే ఏమీ కనబడని చిన్న చోటు, ఉంది. కాగితం మీద 8 సెంటీమీటర్ల ఎడంగా రెండు చుక్కలు పెట్టి, ఎడమకన్ను మూసి, ఎడమవైపు చుక్కనే చూస్తూ కాగితాన్ని ముందుకూ వెనక్కూ జరపండి. సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో కుడి చుక్క మాయమవుతుంది, అక్కడ ఉత్త తెల్ల కాగితమే కనబడుతుంది.

అపోహ: అయితే అనుభవానికి విలువే లేదు.

వాస్తవం: ఉంది. కంటి పక్కన ఉన్నట్టుండి మెరుపులు, వాటి వెంట నల్లటి చుక్కలు కనబడుతున్నాయని వచ్చేవారికి బయట ఎక్కడా మెరుపు ఉండదు, కానీ లోపల రెటీనా చిరిగి ఉండవచ్చు. అందుకే వారిని మర్నాటికి వాయిదా వేయకుండా, కంటిపాప పెద్దదయ్యే మందు చుక్కలు వేసి ఆ రోజే పరీక్షిస్తాము.